డాక్టరు గారికీ సిస్టరు గారికీ మధ్య నా మంచం

నన్ను చూడడానికి వచ్చినవాళ్ళంతా మొదట మచ్చ గురించే అడుగుతారు. ఎంత పొడవుంది, ఇంకా లాగుతోందా, వంగగలుగుతున్నావా అని. మా చర్చి సంఘం స్త్రీలయితే ప్రార్థన చేసి, అరటిపళ్ళు పెట్టి, "దేవుడు గట్టెక్కించాడు టీచరు గారూ" అని వెళ్తారు. దేవుడు గట్టెక్కించిన మాట నిజమే. కానీ గట్టు దాకా ఎలా వచ్చానో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పే ఓపిక లేక కొంత, చెబితే మా ఆయన తల దించుకుంటారని కొంత. ఇప్పుడు ఆయనే రాయమన్నారు. "ఎవరికైనా పనికొస్తుంది, రాయి కమలా" అన్నారు. అందుకని మధ్యాహ్నాలు దిండు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. కాసేపటికే నీరసం వస్తుంది. వచ్చినచోట ఆపేస్తాను. అతుకులు కనిపిస్తే సర్దుకోండి.

జూలై

నేను మొగల్తూరు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన ప్రభాకర్ నరసాపురంలో కాలువల ఆఫీసులో గుమాస్తా. ఆ ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. మా వైపు కాలువ చివరి భూములు. నీళ్ళు అందలేదని రైతులు కేకలేసుకుంటూ ఆఫీసుకి వస్తే, వాళ్ళని చల్లబరిచి పంపడం ఆయన వాటాకి వచ్చిన పని. "వచ్చేస్తున్నాయండి, పైన వదిలేశారండి, కూర్చోండి, మజ్జిగ తీసుకోండి" అంటారు. నీళ్ళు వచ్చినా రాకపోయినా రైతు మాత్రం మెత్తబడి వెళ్తాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒకరి ముఖం మీద చెడ్డమాట చెప్పి ఎరగరు. మంచి గుణమే. పెళ్ళిచూపుల్లో నేను ఒప్పుకున్నదీ ఆ మాటతీరు చూసే.

కడుపునొప్పి బడి హడావుడిలో మొదలైంది. గ్యాస్ అనుకున్నాను. వాము నమిలాను, జీలకర్ర నీళ్ళు తాగాను. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్ చేస్తే తగ్గినట్టే అనిపించింది. సెలవు పెడితే సిలబస్ వెనకబడుతుందని నడుం పట్టుకునే బడికి వెళ్ళాను. ఆ వారం చివర తొమ్మిదో తరగతిలో చేతిలోంచి సుద్దముక్క జారి కింద పడింది. వంగబోయాను. వంగలేకపోయాను, లేవలేకపోయాను. పిల్లలు నవ్వబోయి ఆగిపోవడం గుర్తుంది.

నరసాపురంలో చూసి, ఇక్కడ కాదు రాజమండ్రి తీసుకెళ్ళిపోండి అన్నారు. సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన మీద ఎన్ని అతుకులున్నాయో అన్నీ నా కడుపులో తెలిశాయి. మా ఆయన ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "వచ్చేశాం, వచ్చేశాం" అంటూనే ఉన్నారు. రావులపాలెం కూడా దాటలేదు అప్పటికి.

ఆస్పత్రి హాల్లో బెంచీల నిండా జనం. ఎవరో ఒకావిడ, పేరు కూడా అడగలేదు నేను, తన సంచిలోంచి దుప్పటి తీసి మడిచి నా నడుం వెనక పెట్టింది. పిలుపు వచ్చినప్పుడు ఆ దుప్పటి తిరిగి ఇవ్వలేదు. ఆవిడా అడగలేదు. అపెండిక్స్ పగిలిపోయింది, ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి అన్నారు. సంతకం పెడుతూ మా ఆయన డాక్టరు గారితో, "అలాగేనండి, మీ చేతిలో పెట్టేశామండి" అన్నారు. పెళ్ళిలో మా నాన్న ఆయనతో అన్న మాట కూడా ఇంచుమించు అదే.

ఆగస్టు మొదట్లో

ఆపరేషన్ అయ్యాక మొదటి రోజులు మత్తులోనే గడిచాయి. తెలివి నిలబడ్డాక మొదట గమనించింది నొప్పిని కాదు, ఒక వింతని.

సర్జను గారు ఉదయం రౌండ్సుకి వచ్చేవారు. యాభై ఏళ్ళ మనిషి, వేగంగా నడుస్తారు, చెయ్యి మాత్రం నెమ్మది. ఆయన వెనక వార్డు హెడ్ నర్సు కరుణమ్మ గారు ట్రే పట్టుకుని నిలబడేవారు. మిషన్ ఆస్పత్రిలో నేర్చుకున్న పాతకాలపు నర్సు. దుప్పటి ముడత పడితే ఊరుకునేవారు కాదు. డాక్టరు గారు నా కడుపు చూసి, నా వైపే చూస్తూ ఇలా అనేవారు.

"టీచరు గారూ, ఇవాళ్టి నుంచి మంచినీళ్ళు ఇవ్వచ్చని సిస్టరు గారికి చెప్పండి."

సిస్టరు గారు నా కాళ్ళ దగ్గరే ఉన్నారు. చెయ్యి చాస్తే ఆయన కోటు తగులుతుంది. ఆవిడా నా వైపే చూసి, "ఎంతెంత ఇవ్వాలో డాక్టరు గారిని అడగండమ్మా" అనేవారు.

మందుల మత్తులో నాకే తేడాగా వినిపిస్తోంది అనుకున్నాను. మర్నాడూ అంతే. "డ్రెస్సింగ్ మార్చమని చెప్పండి." "మార్చేశామని చెప్పండమ్మా." అలిగిన మొగుడూ పెళ్ళాలు పిల్లాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, "మీ నాన్నని భోజనానికి లెమ్మను", "నాకు ఆకలి లేదని చెప్పు" అనుకుంటారే, అచ్చం అలాగ. ఇక్కడ ఆ పిల్లాణ్ణి నేను.

రాజమండ్రిలోనే ఉండే మా ఆడపడుచు రత్నం రోజూ క్యారియర్ తెచ్చేది. ఆస్పత్రిలో ఏ గోడ వెనక ఏముందో దానికి ఒక్కపూటలో తెలిసిపోతుంది. "ఏడాదైందంట వదినా ఇద్దరికీ మాటల్లేక. ఆయన రౌండ్సుకి ఈవిడ ఉండాలి, ఈవిడ లేకపోతే వార్డు నడవదు. ఆయన లేకపోతే ఆస్పత్రే లేదు. అందుకని పేషెంట్ల చేత చెప్పించుకుంటన్నారంట" అంది. మధ్యలో మాట అందించడానికి డ్యూటీ డాక్టరు ఒకాయన ఉండేవాడట. పీజీ సీటొచ్చి వెళ్ళిపోయాడు, ఆ స్థానంలోకి ఇంకా ఎవరూ రాలేదు.

మొదట్లో నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగేవి, అందుకని నవ్వు కూడా ఆపుకున్నాను. నాకు ఓపిక లేని పూట ఆ కబుర్లు మొయ్యడం మా ఆయన పనైంది. ఆయనకది కష్టంగా తోచలేదు. ఆఫీసులో చేసేదే కదా. అటు కోపాన్ని ఇటు తేనె పూసి అందించడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. సిస్టరు గారు "ఈ మందు వేళకి రాయకపోతే నేనేం చెయ్యను" అంటే, డాక్టరు గారి దగ్గరికెళ్ళి "వీలు చూసుకుని మందు రాస్తారాండీ" అనేవారు. ఇద్దరూ ఆయన్ని మెచ్చుకునేవారు. మంచి మనిషండి మీ ఆయన అని నాతో అనేవారు.

ఆ వారంలోనే

ఇంటికి పంపేస్తామన్న మాట వినపడుతుండగా నొప్పి మళ్ళీ వచ్చింది. ముందు నొప్పి లాంటిది కాదు. లోపల ఎవరో మెల్లగా బిగిస్తున్నట్టు. చలి. మందు ఎక్కిస్తే జ్వరం దిగేది, సరిగ్గా రౌండ్సు వేళకి ఒళ్ళు చల్లగా ఉండేది. డాక్టరు గారు నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఫర్వాలేదు" అని వెళ్ళిపోయేవారు. ఆయన వెళ్ళాక మళ్ళీ మొదలు. వార్డులో ఉండే కరుణమ్మ గారికి ఆ మొదలు కనిపించేది.

ఒక మధ్యాహ్నం ఆవిడ నా కడుపు మీద చెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత మా ఆయన్ని వరండాలోకి పిలిచారు. తలుపు తెరిచే ఉంది, నాకు వినపడింది.

"చూడండి ప్రభాకర్ గారూ, నాకిది మంచిగా తోచట్లేదు. కడుపు గట్టిపడతా ఉంది. ఇయ్యాళే స్కాన్ తియ్యాలని డాక్టరు గారికి చెప్పండి. రేపటికి ఆగొద్దని చెప్పండి."

"అలాగేనండి" అన్నారు మా ఆయన.

సాయంత్రం డాక్టరు గారు ఓపీ ముగించుకుని, మెట్ల దగ్గర నిలబడి చల్లారిన టీ తాగుతున్నప్పుడు ఈయన వెళ్ళి చెప్పారు. ఏం చెప్పారో తర్వాత తెలిసింది. "మీ దయవల్ల బానే ఉందండి. కొంచెం నొప్పిగా ఉందంటుందండి. సిస్టరు గారు కూడా, వీలుంటే ఒకసారి స్కాన్ లాంటిది తీస్తే మంచిదేమో అంటన్నారండి." పొద్దుటి నుంచి ఆపరేషన్లు చేసి, అన్నం కూడా తినని మనిషితో అంతకంటే గట్టిగా ఎలా అంటారు ఈయన? డాక్టరు గారు, "ఆపరేషన్ తర్వాత కొంచెం నొప్పి ఉంటుందండి, రేపు చూద్దాం" అన్నారు. వచ్చి నాతో, "చెప్పేశాను. రేపు చూస్తానన్నారు. కంగారేం లేదంట" అన్నారు.

కంగారేం లేదని డాక్టరు గారు అనలేదు, ఈయనే కలిపారు. భీమవరంలో హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి ఫోన్లో కూడా, "అమ్మ ఇడ్లీ తింది, నవ్వుతా ఉంది" అని చెప్పారు. నేను గోడవైపు తిరిగి పడుకుని విన్నాను. నేను చచ్చిపోతే కూడా ఈయన నలుగురికీ "కొంచెం నలతగా ఉందండి" అనే చెబుతారు కాబోలు అనిపించింది. భయమేసింది. చాలా భయమేసింది. ప్రార్థన చేద్దామంటే మాటలు కూడా వరసగా రాలేదు.

మర్నాడు రౌండ్సుకి డాక్టరు గారు వచ్చారు. నాకు కళ్ళు తెరిస్తే ఫ్యాను తిరుగుతోందో మంచం తిరుగుతోందో తెలియడం లేదు. సిస్టరు గారు కాళ్ళ దగ్గర ట్రేతో నిలబడ్డారు, పెదవులు బిగించుకుని. డాక్టరు గారు అలవాటుగా నాతో, "జ్వరం ఎలా ఉందో సిస్టరు గారిని అడిగారా?" అన్నారు.

నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు గొంతు. "నేను అడగనండి" అన్నాను.

బడిలో పిల్లలు పోట్లాడుకుని, "టీచర్, నా స్కేలు ఇమ్మని దానికి చెప్పండి" అని వస్తే, ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టేదాన్ని. ఆ గొంతే వచ్చినట్టుంది.

"నేను ఒకరి మాట ఒకరికి మొయ్యలేనండి. నాకు ఊపిరి చాలట్లేదు. మీ ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. సిస్టరు గారూ, నిన్న మా ఆయనతో ఏం చెప్పారో అదే డాక్టరు గారితో చెప్పండి. నా ఎదురుగా చెప్పండి."

కరుణమ్మ గారు ట్రే కింద పెట్టారు. "సార్" అన్నారు. ఆ ఒక్క మాటకే ఆవిడ మెడ ఎర్రబడింది. "నిన్న మధ్యాహ్నం నుంచి కడుపు గట్టిపడింది సార్. మీరొచ్చే టైముకి మందుతో జ్వరం దిగి ఉంటుంది, వెళ్ళగానే ఎక్కుతుంది. నిన్ననే స్కాన్ తియ్యాలని చెప్పి పంపాను."

"నిన్నా? నాతో ఎవరు చెప్పారు?" అన్నారు డాక్టరు గారు.

అందరూ మా ఆయన వైపు చూశారు. "చెప్పానండి" అన్నారు ఆయన చిన్నగా. "కొంచెం నొప్పని..."

"నేను కొంచెం అన్లేదండి" అన్నారు సిస్టరు గారు.

డాక్టరు గారు నా పొట్ట మీద చెయ్యి వేశారు. వేసి తియ్యడం మరిచిపోయినట్టు ఉండిపోయారు. తర్వాత తల తిప్పి, నన్ను దాటి, నేరుగా ఆవిడతో, "స్కాన్‌కి పంపండి సిస్టర్. థియేటర్ రెడీ చేయించండి" అన్నారు. "చేయిస్తాను సార్" అన్నారు ఆవిడ. ఏడాది తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న తీరు అదీ. ఆ పూటే నా కడుపు మళ్ళీ తెరిచారు.

ఆగస్టు చివర

గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. లోపల చీము పట్టిందన్నారు. ఇంకో పూట ఆగి ఉంటే అని డాక్టరు గారు మొదలుపెట్టి, పూర్తి చెయ్యలేదు. నేనూ పూర్తి చెయ్యమనలేదు.

ఒక మధ్యాహ్నం డాక్టరు గారు ఒక్కరే వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆయన కూర్చోగా చూడడం అదే మొదలు. "ఇదివరకు ఆవిడ మంచం దగ్గర నిలబడే పద్ధతి చూస్తేనే నాకు తెలిసిపోయేదండి, ఈ కేసు తేడాగా ఉందని. మాటలు మానేశాక ఆవిడ ముఖం చూడడం కూడా మానేశాను" అన్నారు. ఎందుకు మానేశారండి అంటే, "ఆవిడ మాట్లాడదు కదండి మరి" అన్నారు, ఎనిమిదో తరగతి పిల్లాడిలాగే.

డ్రెస్సింగ్ మారుస్తూ కరుణమ్మ గారూ చెప్పారు. ఒక పేషెంటుకి ఇంజెక్షన్ ఆలస్యమైంది. మందుల షాపులో లేదు, ఆవిడ తప్పు కాదు. డాక్టరు గారు ఆ పేషెంటు చుట్టాలందరి ముందూ, "నీకు చదువు చెప్పిందెవరు?" అన్నారట. "మీకు అని కూడా అన్లేదమ్మా. నీకు అన్నారు. నాకు చదువు చెప్పినావిడ చచ్చిపోయి పదేళ్ళయింది. ఆవిణ్ణెందుకు అనాలి?" అన్నారు. అంటూనే గాజుగుడ్డ ఎంత మెత్తగా తీశారంటే నాకు తెలియనే లేదు.

వాళ్ళిద్దరిదీ తప్పే, ఇద్దరూ మంచివాళ్ళే. నాకు ఎవరి మీదా కోపం పెట్టుకునే బలం లేదు. ఉన్న కాస్త బలాన్నీ మా ఆయన మీద కోపానికి వాడాను.

సెప్టెంబరు

ఇంటికొచ్చాను. ఆయనతో మాట్లాడడం మానేశాను. రత్నం నాకు సాయంగా వచ్చి ఉంది. "మీ అన్నయ్యని ఆ తలుపు వెయ్యమను రత్నం." "కాఫీ వద్దని చెప్పు." ఆయన గుమ్మంలోనే నిలబడి వినేవారు. జావ కాచేవారు, నేను విడిచిన బట్టలు ఉతికేవారు, ఒక్క మాట ఎదురు అనేవారు కాదు. ఎదురు అనకపోవడమే నాకు ఇంకా మంటగా ఉండేది.

ఒకరోజు రత్నం జావగ్లాసు నా ముందు పెట్టి నడుం మీద చెయ్యేసుకుంది. "వదినా, ఆస్పత్రిలో పెద్దపెద్దోళ్ళిద్దర్నీ నిలదీసి మాట్లాడించావంట. ఇక్కడ నేనేంటి, మంచాన్నా? నాకు మాత్రం ఊపిరి ఆడొద్దా?"

నవ్వొచ్చింది. కుట్లు లాగినా నవ్వాను. నవ్వు కాస్తా ఏడుపయింది. ఆయన గుమ్మంలోంచి కదల్లేదు. "నేను పోయేదాన్ని" అన్నాను, నేరుగా ఆయనతోనే. "మీరు మర్యాదగా చెప్పినందుకు నేను పోయేదాన్ని."

"తెలుసు కమలా" అన్నారు. ఆ మాటలో సాకు లేదు, తేనె లేదు. ఆ రోజు నుంచి మాట్లాడుకుంటున్నాం, తక్కువే.

ఈ రాసేది చదివే మీకెవరికైనా ఆస్పత్రిలో, "ఆయనకి చెప్పండి, ఆవిణ్ణి అడగండి" అన్న మాట వినపడితే, మీరు కుర్రవాళ్ళయినా పెద్దవాళ్ళయినా, వాళ్ళిద్దరూ ఒకచోట ఉన్నప్పుడు అడగండి. మాట చేతులు మారితే కొంత ఒలికిపోతుంది. బతిమాలో, విసుక్కునో, ఎలాగో ఒకలాగ ఇద్దర్నీ ఎదురుపడేలా చెయ్యండి. డాక్టరు గారికి కోపమొస్తుందని భయపడకండి. వచ్చినా పోతుంది.

అక్టోబరు

మళ్ళీ చూపించుకోవడానికి రాజమండ్రి వెళ్ళాం. సిద్ధాంతం వంతెన ఈసారి మామూలుగానే దాటాం. హాల్లో అవే బెంచీలు, కొత్త మనుషులు. లోపలికి పిలిచినప్పుడు డాక్టరు గారి పక్కన కరుణమ్మ గారు ఉన్నారు. వాళ్ళేమీ స్నేహితులు అయిపోలేదు. ఆయన "కత్తెర" అంటే ఆవిడ ఇస్తున్నారు, ఆవిడ "ఇది తడిగా ఉంది సార్" అంటే ఆయన వంగి చూస్తున్నారు. అంతే. కానీ నన్ను మధ్యలో పెట్టలేదు.

గాయం చూసి, "చక్కగా మానింది" అన్నారు డాక్టరు గారు. "ఎలా ఉన్నారు టీచరు గారూ? అన్నం తింటున్నారా, నిద్ర పడుతోందా?"

నా తర్వాత ఆయన చూడాల్సినవాళ్ళు ఇంకా అంతమంది ఉన్నారు. ముఖంలో అలసట కనిపిస్తోంది. ఆ పాటి దానికి ఆయన్ని ఇబ్బంది పెట్టడమెందుకు అనిపించింది. "బాగానే ఉన్నానండి" అన్నాను.

"అబద్ధమండి."

మా ఆయన గొంతు అది. వెనక్కి తిరిగి చూశాను. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ గదిలోకి ఎన్నిసార్లు వచ్చినా కుర్చీలో కూర్చున్నది లేదు, పెద్దవాళ్ళ ముందు కూర్చోరు ఆయన.

"అబద్ధం చెబుతుందండి. రెండు ముద్దలు కూడా తినట్లేదండి. కడుపు పట్టుకుని చూసుకుంటా ఉంటుందండి, గట్టిపడిందేమో అని. పడుకుంటే లేవనేమో అని కూర్చునే ఉంటుందండి. బడికి వెళ్తావా అంటే ఏడుస్తుంది. చాలా బాగోలేదండి. కొంచెం కాదండి." ఆగి, ఊపిరి తీసుకున్నారు. "నాక్కూడా బాగోలేదండి. భయంగా ఉందండి."

నేను ఆయన్ని అంత గట్టిగా మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. బయట బెంచీల మీదివాళ్ళు కూడా విని ఉంటారు.

డాక్టరు గారు పెన్ను కింద పెట్టారు. నా వైపు కాదు, పక్కకి తిరిగారు. "ఏం చేద్దామంటారు సిస్టర్?" అన్నారు.

కరుణమ్మ గారు మా ఆయన్ని ఎగాదిగా చూశారు. "ముందు ఆయన్ని కూర్చోబెట్టండి సార్" అన్నారు.

డాక్టరు గారు లేచి, తనే కుర్చీ జరిపారు. మా ఆయన నా పక్కన కూర్చున్నారు.